కోటు ఉంటే ఇంట్లో ఉన్నట్టే

మొన్న సోమవారం పొద్దున బడి ఆయా ఖాసింబీ మా వీధి మెట్టు దగ్గర ఆగింది. వసారాలోకి మెడ సాచి చూసి, గొంతు తగ్గించి, "పెద్దయ్యగారు ఇంట్లోనే ఉన్నట్టున్నారే పంతులమ్మా?" అంది.

వెనక్కి తిరిగి చూశాను. కోట్లు తగిలించే స్టాండు మొదటి కొక్కేనికి మా మామగారి నల్లకోటు వేలాడుతోంది. ఆయన పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. కూతురి పురుడికని ఉయ్యూరు వెళ్ళిన ఖాసింబీ రెండు నెలలు అక్కడే ఉండిపోయింది, పాపం ఆమెకి కబురు తెలియదు. కోటుని మాత్రం ఎవరూ తియ్యకూడదని మా అత్తగారు పట్టుబట్టారు. మా ఇంటి పద్ధతి తెలిసినవాళ్ళెవరికైనా ఆ కోటు చూస్తే ఒకటే అర్థం. కోటు ఉంటే ఆయన ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే కొట్లో ఉన్నట్టు.

ఖాసింబీకి ఏం చెప్పానో తరవాత చెబుతాను. ముందు ఆయన సంగతి చెప్పుకోవాలి. ఈ ఇరవై రెండు రోజులూ పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ "దేవుడంటి మనిషండీ" అని అంటుంటే, గుమ్మం వెనక నిలబడి పళ్ళు నూరీ నూరీ నా దవడలు నొప్పెట్టాయి. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. ఉన్నప్పుడు ఎలాగూ అననివ్వలేదు. పోయాక కూడా అనకూడదంటే నేనింక ఎప్పుడనాలి?

ఆయన గురించి చెప్పాలంటే స్టాండుతోనే మొదలుపెట్టాలి. కాలవ బంగళాలో దొర ఎవరో ఊరు వదిలిపోతూ సామాను వేలం వేస్తే, మా మామగారు దాన్ని పాడి తెచ్చారట. నా పెళ్ళికి చాలా ముందు సంగతి. టేకుది, మనిషి కంటే ఎత్తు. మధ్యలో అద్దం, కింద గొడుగులు నిలబెట్టే తొట్టి, పైన వరసగా ఆరు ఇత్తడి కొక్కేలు. బెజవాడలో మా వీధి మొత్తానికి అలాంటిది మా వసారాలోనే ఉంది. వీధి తలుపు తీస్తే ముందు అదే కనపడుతుంది, అసలు కనపడాలనే అక్కడ పెట్టారు.

ఆరు కొక్కేలకీ ఆరు పేర్లు. మొదటిది ఆయన కోటుకి. రెండోది మా బావగారిది, మూడోది మా ఆయనది. నాలుగోది అల్లుడిది. ఆ అల్లుడు మైలవరం నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తాడు, వచ్చినా కండువా మంచం మీద పారేస్తాడు. అయినా ఆ కొక్కెం మూడువందల అరవై రోజులూ ఆయన కోసం ఖాళీగా చూస్తూ ఉండాల్సిందే. అయిదోది వచ్చేపోయేవాళ్ళకి. ఆరోదానికి కొట్లో బట్ట కొలిచే గజంబద్ద. చెక్కబద్దకి కొక్కెం ఉంది గానీ ఇంట్లో ఆడవాళ్ళకి లేదు. బయటికి వెళ్ళనివాళ్ళకి కొక్కెం దేనికని ఆయన లెక్క.

ఆయన బట్టల వ్యాపారం చేసేవారు. వాళ్ళ తాతలు మగ్గం గుంటలో కూర్చుని నేసినవాళ్ళు, ఈయన వీధి మీదికి వచ్చి అమ్మినవారు. అందుకో ఏమో, ఎవరు ఎదురైనా ముందు మనిషిని చూసేవారు కాదు, ఒంటిమీది బట్టని చూసేవారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచు పట్టుకుని నలిపి, నూలు నంబరు చెప్పి, ఆ తరవాత "కూర్చోండి" అనేవారు. అయిదో కొక్కేనికి ఎవరిదైనా కండువా కనపడితే దాన్నీ నలిపి, లోపలికి రాకముందే వచ్చింది ఎవరో చెప్పేసేవారు. నా పెళ్ళిలో తలంబ్రాల చీర అంచు కూడా అలాగే నలిపి, మా నాన్నతో "మోసపోయారండి బావగారూ" అన్నారు. అంతమందిలో మా నాన్న నవ్వేశాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

కోడళ్ళతో ఆయన మాట్లాడరు. మా వైపు మామగార్లు చాలామంది మాట్లాడరులెండి, అది తప్పనను. అయితే మిగతావాళ్ళు ఇంకొకరితో చెప్పిస్తారు. ఈయన స్టాండుతో చెప్పేవారు. కోటు తగిలిస్తూ, అద్దంలోకి చూస్తూ, "పప్పులో ఉప్పు వెయ్యడం మానేశారటోయ్" అనేవారు దాంతో. నేను గుమ్మం వెనక ఉన్నానని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. మా తోడికోడలు వంటింట్లో రోకలిని నిలబెట్టి అచ్చం ఆయన గొంతుతో "ఏవోయ్, చారు చల్లారిందటోయ్" అంటుంటే నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. నవ్వుకున్న రోజులు అవే.

ఇంతలో యుద్ధం వచ్చింది. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. కొట్లో అరలు సగం ఖాళీ. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికే తిరిగొచ్చేసేవారు. సరిగ్గా అప్పుడే నాలుగు వీధుల అవతల ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేవాళ్ళు కావాలని తెలిసింది. బందరులో మా నాన్న నన్ను ఎనిమిదో క్లాసు దాకా చదివించి, కుట్టు పరీక్ష కూడా ఇప్పించాడు. మా ఆయన అడిగితే మామగారు అవుననలేదు, కాదనలేదు. కాదనడానికి ఇంట్లో పరిస్థితి బాగాలేదు. అత్తగారు ఒక షరతు పెట్టారు. కోడలు వీధిలో ఒంటరిగా నడవకూడదు. బడి ఆయా పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు ఆమెతో వెళ్ళాలి, ఆమెతోనే రావాలి. లేదా పక్క వీధిలో లెక్కల పంతులమ్మ ఉంది, ఆవిడ పిలిస్తే ఆవిడతో వెళ్ళచ్చు. సరేనన్నాను. ఆ ఉద్యోగం కోసం నన్ను కొండెక్కమన్నా ఎక్కేదాన్ని.

మా నాన్న సంబరపడిపోయి ఒక గొడుగు కొనిచ్చాడు. చిన్నది, చిలకముక్కు పిడి. ఒక గుడ్డసంచి నేనే కుట్టుకున్నాను, పిల్లల కుట్టుపని పెట్టుకోవడానికి. ఈ రెండూ ఎక్కడ తగిలించాలి? మొదటి రోజు అల్లుడి కొక్కేనికి తగిలించాను. సాయంత్రం చూస్తే సంచి వంటింట్లో కట్టెల మీది మేకుకి వేలాడుతోంది. పిల్లలు కుట్టిన రుమాళ్ళన్నీ పొగ వాసన. మా వసారా గోడ సున్నం గోడ, మేకు కొడితే పిడికెడు రాలుతుంది. అందుకని వడ్రంగిని పిలిపించి స్టాండు పక్క చెక్కకి రెండు కొక్కేలు బిగించమన్నాను. ముందు భాగాన్ని ముట్టుకోలేదు, పక్కకే. వడ్రంగి ముద్దుగా, మిగతా ఆరింటికీ జత కలిసేలా ఇత్తడివే తెచ్చి బిగించాడు. నేను దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాను.

నాలుగో రోజుకి అవి లేవు. మరమేకుల కన్నాలు లక్కతో పూడ్చి, పైన నూనె రాసి, అక్కడ అసలేమీ లేనట్టు చేసేశారు. అంత ఓపిగ్గా ఆయన ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు. నేను మళ్ళీ రెండు కొక్కేలు తెప్పించి, ఈసారి కాస్త కిందగా, నేనే చాకు మొన పెట్టి మరలు తిప్పాను. అవీ వారమే ఉన్నాయి. మూడోసారి బిగించాను. "నీకేమన్నా పిచ్చా?" అన్నారు మా ఆయన. "ఆయనకుంది, నాకు అంటింది" అన్నాను.

మూడోసారి బిగించినవి ఆయన తియ్యలేదు. వారం, రెండు వారాలు, నెల. గెలిచాననుకున్నాను. ఎంత గర్వపడ్డానంటే, చిలకముక్కు పిడిని వీధి వైపుకి తిప్పి తగిలించేదాన్ని.

ఆయన ఎందుకు తియ్యలేదో ఇప్పుడు చెబుతాను. ఖాసింబీ వెనక పదిమంది పిల్లలుంటారు. ఒకసారి ఆమె వీధిలోంచి "పంతులమ్మా" అని గట్టిగా కేకేస్తే మా మామగారు వసారాలోకి వచ్చి ఆమెని నానామాటలూ అన్నారు. అప్పటినుంచి ఆమె కేకెయ్యడం మానేసింది. వీధిలోంచే చూసేది. నా గొడుగు కొక్కేనికి ఉంటే నేను ఇంట్లో ఉన్నట్టు, చేతికర్రతో మెట్టు మీద రెండుసార్లు తట్టేది. గొడుగు లేకపోతే లెక్కల పంతులమ్మతో ముందే వెళ్ళిపోయినట్టు, ఆగకుండా సాగిపోయేది. ఇదంతా ఆయన నెల రోజులు వాలుకుర్చీలో కూర్చుని చూశారు. స్టాండు చెప్పేది ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

నా ఉద్యోగం మొదట ఆరు నెలలకే ఇచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మగారు వచ్చి పని చూసి రాసి వెళితే అప్పుడు ఖాయం. ఆవిడ వచ్చే రోజు చెప్పారు. పిల్లలు కుట్టిన రుమాళ్ళు, దిండు గలీబులు, జాకెట్లు అన్నీ ఇంటికి తెచ్చుకుని, మూడు రోజులు అంచులు సరిచేసి, మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను. అవి చూపిస్తేనే ఉద్యోగం. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. సంతోషం పట్టలేక నేనే చెప్పాను. మూర్ఖురాల్ని.

ఆ రోజు ఆయన ఎప్పటిలాగే తొమ్మిదింటికి కోటు వేసుకున్నారు. నేను గుమ్మం వెనకే ఉన్నాను. అద్దంలోకి చూసి "వాన వచ్చేట్టుందోయ్" అన్నారు స్టాండుతో. నాకు నవ్వొచ్చింది. వేసవి కాలం, ఆకాశంలో పిట్ట కూడా లేదు. తొమ్మిదింపావుకి నేను చీర మార్చుకుని వసారాలోకి వచ్చేసరికి కొక్కేనికి గొడుగు లేదు. కింద తొట్టిలో చూశాను. ఆయన పెద్ద గొడుగు అందులోనే ఉంది. నాది లేదు. ఇంట్లో పిల్లలు తీశారేమోనని పెరట్లోకి పరిగెత్తాను. గదులన్నీ వెతికాను. నేను వెతుకుతున్నప్పుడే ఖాసింబీ మా ఇంటి ముందు నుంచి వెళ్ళిపోయింది. కొక్కెం ఖాళీ, పంతులమ్మ వెళ్ళిపోయింది అనుకుంది. ఆమె తప్పేమీ లేదు.

నేను వచ్చి సంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు వెనక కూర్చున్నాను, కర్ర చప్పుడు కోసం. పది అయింది. పదిన్నర అయింది. అప్పటికి అర్థమైంది ఆమె వెళ్ళిపోయిందని. అత్తగారి దగ్గరికి వెళ్ళి, "నేనొక్కదాన్నీ వెళ్ళొస్తానత్తయ్యా, నాలుగు వీధులేగా" అన్నాను.

"ఆయన కోటు రానీవే. అడిగి వెళుదువుగాని" అన్నారావిడ. ఆవిడకీ భయమే.

నేను కూర్చున్నాను. అదీ నేను చేసిన పని. కూర్చున్నాను.

పన్నెండు దాటాక ఖాసింబీ రొప్పుతూ వచ్చింది. తలుపు దగ్గర నన్ను చూసి నుదురు కొట్టుకుంది. "ఇంట్లోనే ఉన్నారా తల్లీ? గొడుగు లేకపోతే వెళ్ళారనుకున్నా. అక్కడ చూస్తే మీరు లేరు. ఆ ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను తీసి ఏదో రాసుకుని రైలుకెళ్ళిపోయింది" అంది. ఆవిడ రాసిందేమిటో తరవాత పెద్ద పంతులమ్మగారు చెప్పారు. చెప్పకుండా మానేసిందని రాసిందట. నెల తిరక్కుండా నా చోట్లో ఇంకొకావిడ వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయన తిరిగి రావడం నేను తలుపు సందులోంచి చూశాను. ఆరడుగుల మనిషి, నల్లకోటు, చంకలో చిలకముక్కు పిడి గొడుగు. అలాగే బజారంతా నడిచి వచ్చారు. నలుగురూ నవ్వి ఉంటారు, నవ్వినా ఫరవాలేదనుకుని ఉంటారు. గొడుగుని తెచ్చి నా కొక్కేనికే, పిడి వీధి వైపుకి వచ్చేలా జాగ్రత్తగా తగిలించారు. కోటు విప్పి ఆయన కొక్కేనికి తగిలించుకుని, భుజాలు సర్ది, అద్దంతో అన్నారు.

"చూశావుటోయ్. వాన రాలేదు."

నేను ఏడవలేదు. ఆ రాత్రి మా ఆయన "నాన్నగారు మరిచిపోయి తీసుకెళ్ళి ఉంటారు" అంటే మాత్రం ఏడ్చాను.

ఇది జరిగి మూడేళ్ళు. ఎందుకు చేశారా అని మూడేళ్ళూ ఆలోచించాను. చివరికి స్టాండుని వీధిలోంచి చూస్తే తెలిసింది. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళకి ఏం కనపడేది? మొదటి కొక్కేనికి కోటు ఉంది. మామగారు ఇంట్లో ఉన్నారు. పక్క కొక్కెం ఖాళీ. కోడలు సంపాదనకి వెళ్ళింది. అది వీధంతా చదువుతుంటే ఆయన కూర్చుని చూడలేకపోయారు. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు.

పోయిన ఏడాది ఆయన కాళ్ళు వాచి మంచం పట్టారు. మంచం వసారాలోనే వెయ్యమన్నారు, స్టాండుకి ఎదురుగా. జావ కాచి పొయ్యడం నా వంతు. ఒక మధ్యాహ్నం అత్తగారు నిద్రలో ఉన్నారు. నేను గిన్నె పట్టుకుని తల పక్కకి తిప్పి నిలబడ్డాను.

"ఆవేళ వాన రాదని నాకు తెలుసు" అన్నారు.

ఏడేళ్ళ కాపురంలో నాతో నేరుగా అన్న మొదటి మాట అది. స్టాండుతో కాదు, నాతోనే.

"నాకూ తెలుసండి మామయ్యగారూ" అన్నాను.

"తెలిసే జావ పోస్తున్నావా?"

"ఆకలన్నారుగా."

క్షమించమంటారేమో, అంటే ఏమనాలి అని ఆలోచించాను. ఒట్టి వెర్రి. ఆయన తల కాస్త ఎత్తి నా మొహంలోకి చూశారు.

"నేను గొడుగు తీసుకెళ్ళాను. తలుపుకి తాళం వెయ్యలేదు. బడి నాలుగు వీధులు. ఇంట్లో నా కోటు కూడా లేదు. ఎవరు పట్టుకున్నారు నిన్ను?"

నేను గిన్నె కింద పెట్టేశాను.

"ఒక్క గొడుగు లేకపోతే ఆగిపోయిందానివి. అది తీసుకెళ్ళేటప్పుడు నేననుకున్నాను, చెయ్యగలిగితే ఎలాగైనా వెళుతుందిలే అని. వెళ్ళలేదు." తల దిండు మీద పెట్టేసుకుని, చూపు అద్దం మీదికి తిప్పి, "జావలో ఉప్పు వెయ్యలేదటోయ్" అన్నారు.

ఉప్పు వేసి తెచ్చాను. పరాకులో రెండుసార్లు వేసినట్టున్నాను, ఆయన కిమ్మనకుండా తాగారు. ఆయన చేసినదానికి ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. ఆ మాట అన్నందుకు మాత్రం క్షమించను. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. నా చోటు లాక్కుని, ఇచ్చేసింది నువ్వేనని నాకే చెప్పి పోయాడు మనిషి. ఆ మాట తీసుకుని ఎవరి మీద వెయ్యను?

కర్మలన్నీ అయ్యాక అత్తగారి పనిమీద ఒకసారి కొట్లోకి వెళ్ళాను. అదే మొదటిసారి అక్కడ అడుగుపెట్టడం. గల్లా పక్కన గోడ చెక్కకి నాలుగు ఇత్తడి కొక్కేలు, వాటికి గళ్ళ తువ్వాళ్ళు, రెండు చీరలు. నా కొక్కేలే. రెండు జతలు. కొక్కేలంటే ఆయనకేం కోపం లేదన్నమాట. వాటికి ఆయన సరుకు వేలాడితే చాలు. విప్పి తెచ్చుకుందామనుకున్నాను. మా బావగారు చూస్తుంటే ఊరుకున్నాను.

సరే, సోమవారం దగ్గరికి వస్తాను. ఖాసింబీ గొంతు తగ్గించి అడిగిందిగా, పెద్దయ్యగారు ఇంట్లోనే ఉన్నారా అని. ఆయన పోయారని చెప్పాను. పాపం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "అయ్యో, దేవుడంటి మనిషి" అంది. ఎన్ని మాటలు పడిందో ఆయన చేత. నాకు ఒళ్ళు మండింది. తరవాత అసలు మాట చెప్పింది. నా చోట్లో వచ్చినావిడ మొగుడితో వేరే ఊరు వెళ్ళిపోతోందట. నేను వస్తానేమో కనుక్కోమని పెద్ద పంతులమ్మగారు పంపారట.

"వస్తానని చెప్పు" అన్నాను. లోపల అత్తగారు వింటున్నారని తెలిసే, కాస్త గట్టిగానే.

"అయితే రేపటినుంచి గొడుగు కొక్కేనికే ఉంచండి. చూసుకుని మెట్టు తడతా" అంది.

"తట్టద్దు. నేనే వస్తాను" అన్నాను.

మంగళవారం తొమ్మిదింటికి సంచీ గొడుగూ తీసుకున్నాను. అత్తగారు వసారాలోకి వచ్చి నిలబడ్డారు. కోటు వంక చూశారు. నేనూ చూశాను. దాని అంచు బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నలిపాను, ఆయన నలిపినట్టే. అంత జాగ్రత్తగా చూసుకున్న కోటు, అంచు దగ్గర చిరుగు పట్టింది.

"దాన్ని అలాగే ఉంచండత్తయ్యా. నేనూ తియ్యద్దనే అంటాను" అన్నాను.

మెట్లు దిగి, వీధి మధ్యకి వెళ్ళి, వెనక్కి తిరిగి చూశాను. తలుపు బార్లా తీసి ఉంది. వీధిలో వెళ్ళే ఎవరికైనా స్పష్టంగా కనపడుతోంది. మొదటి కొక్కేనికి కోటు ఉంది, మామగారు ఇంట్లో ఉన్నారు. పక్క కొక్కెం ఖాళీ. కోడలు బయటికి వెళ్ళింది.